వెయ్యి అడుగుల ఎత్తు నుంచి కోల్‌కతా చిత్తడి నేలలు



ఫ్లైయింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. యుద్ధ విమానాల కబుర్లు చెప్పగలిగినవారు మనలో చాలామందే ఉన్నారు. నేను ఒక చిన్న విమానం గురించి, దాని కిటికీలోంచి కనబడే ఈ ఊరి చిత్తడి నేలల గురించి చెబుతాను.

సర్వీసులో ఉండగా డోర్నియర్ 228లో ఇటుగా చాలాసార్లు ఎగిరాను. కాన్పూరు హెచ్.ఏ.ఎల్.లో తయారయ్యే ఈ విమానం మీకు కొత్త కాదు. 19 మంది పడతారు. రెక్క పైన ఉంటుంది కనుక కిందికి చూపు అడ్డం లేకుండా పోతుంది. డమ్‌డమ్ నుంచి లేచి దక్షిణంగా వెళితే కుడివైపు సాల్ట్‌లేక్ మేడలు, ఎడమవైపు నీళ్ళే నీళ్ళు. ఏటీసీ ఒప్పుకుని వెయ్యి అడుగుల్లో వెళ్ళిన రోజున ఆ దృశ్యం చూసి తీరాలి. ఉదయపుటెండకి ఒక్కొక్క చెరువూ తళుక్కుమంటుంది. సన్నటి గట్లు, గట్ల వెంబడి గుర్రపుడెక్క, వల లాగే మనుషులు, నీటికాకులు, కొంగలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. నిమిషానికి నాలుగు కిలోమీటర్ల లెక్కన పోతాం కాబట్టి, మూడు నాలుగు నిమిషాల్లో అంతా వెనకబడిపోతుంది.

కుర్ర పైలట్లకు ఒక మాట. గాలి లేనప్పుడు నీరు అద్దంలా ఉంటుంది, ఎత్తు అంచనాకి అందదు. కళ్ళని కాదు, ఆల్టిమీటర్‌ని నమ్మండి. ధాపా చెత్తగుట్టల దగ్గర గద్దలతో మరీ జాగ్రత్త.

ఇక అసలు విషయానికి వస్తాను. కోల్‌కతా నేల హుగ్లీ వైపు కాక తూర్పుకి వాలి ఉంటుంది. అందుకే నగరం మురుగంతా అటే పోతుంది. ఆ మురుగునీటిని లోతు తక్కువ చెరువుల్లోకి వదులుతారు. వాటిని ఇక్కడ భేరీలంటారు. ఎండకి, నాచుకి, సూక్ష్మజీవులకి నీరు శుభ్రపడుతుంది. నాచు తిని చేపలు పెరుగుతాయి. ఆ నీరే తర్వాత వరిచేలకు పారుతుంది. కరెంటు ఖర్చు పెద్దగా లేని శుద్ధి కర్మాగారం అన్నమాట! దీని విలువని లోకానికి చాటిన ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ 2018లో కన్నుమూశారు. 12,500 హెక్టార్ల ఈ నేలలకు 2002 ఆగస్టు 19న రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో రక్షణ చట్టమూ వచ్చింది. అయినా ఆక్రమణలు ఆగలేదు. సాల్ట్‌లేక్ కూడా 1960లలో హుగ్లీ ఇసుకమట్టితో చిత్తడిని పూడ్చి కట్టిందేనని మరవకండి.

మన కొల్లేరుకీ అదే రోజున రామ్‌సర్ గుర్తింపు దక్కింది. అక్కడి కథ వేరు. ఇక్కడ చేపల చెరువులు ఉన్నాయి కాబట్టే చిత్తడి బతికింది. అక్కడ చేపల చెరువుల కోసం ఎత్తుగా వేసిన గట్లు సరస్సునే ఇరుకు చేశాయి. 2006లో ప్రభుత్వం ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు తెగ్గొట్టించాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. నీటికి దారి ఉందా, లేదా అన్నదే తేడా. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరవలసింది కొల్లేరుకే. అక్కడ చోటు లేకపోతే ఆ నీరు ఎటు పోతుంది చెప్పండి?

మనలో చాలామంది రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో స్థలమో, ఫ్లాటో కొంటారు. ఇక్కడైనా, విజయవాడలోనైనా, హైదరాబాదులోనైనా సరే, సంతకం పెట్టే ముందు ఆ ప్రాంతం పాత మ్యాపు ఒకటి సంపాదించి చూడండి. మ్యాపు చదవడం మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు కదా! అందులో నీలిరంగు కనిపిస్తే, ధర ఎంత చవకైనా ఆ స్థలం వద్దనుకోండి. మనం కొనకపోతే పూడ్చేవాడికి బేరం ఉండదు. యూనిఫారం విప్పాక కూడా దేశానికి మనం చేయగలిగిన సేవల్లో ఇదొకటి.

 జై హింద్!