మన అలసట గురించి కూడా మాట్లాడుకుందాం

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కష్టకాలంలో ఆశ నిలుపుకోవడం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. మన శిబిరాల్లో చట్టాల గురించి, కేసుల గురించి, నిధుల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. ఆ పనులు చేస్తున్న మన గురించి మాత్రం టీ తాగే విరామంలో, అదీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. ఇవాళ ఆ మాటల్ని సభలోకి తీసుకురావాలనుకుంటున్నాను.

పరిశోధన కోసం నేను చాలా ఏళ్ళుగా మహిళా సంఘాల కార్యకర్తలతో మాట్లాడుతున్నాను. హింసకు గురైన స్త్రీలకు కౌన్సిలింగ్ చేసే ఒక అమ్మాయి ఒకసారి నాతో ఇలా అంది: "అక్కా, మూడు వారాలుగా నాకు నిద్ర లేదు. అన్నం సయించడం లేదు. సెలవు అడగాలంటే సిగ్గుగా ఉంది. ఒళ్ళు కాలి ఆసుపత్రిలో ఉన్నామె పడుతున్న బాధ ముందు నాదీ ఒక బాధేనా?"

"నాదీ ఒక బాధేనా" అన్న మాట మనకు కొత్త కాదు. అందరికీ వడ్డించి గిన్నెలో మిగిలింది తినేటప్పుడు, జ్వరంతోనే లేచి పొయ్యి వెలిగించేటప్పుడు మన అమ్మలు అన్న మాటే అది. ఇంట్లో ఆడదానికి నేర్పే ఈ త్యాగాన్ని మనం విమర్శించాం, దాని మీద వ్యాసాలు రాశాం, పాటలు కట్టాం. కానీ అదే త్యాగం సంస్థ గుమ్మం దాటి లోపలికొచ్చి 'నిబద్ధత' అని పేరు మార్చుకుంటే గుర్తుపట్టలేకపోతున్నాం. మన దగ్గరకొచ్చిన ప్రతి స్త్రీకీ "తప్పు నీది కాదమ్మా" అని చెప్తాం. ఆమె తిరిగి భర్త దగ్గరకు వెళ్ళిపోతే రాత్రంతా మనల్ని మనం తిట్టుకుంటాం. ఆమెకు చెప్పిన మాట మనకెందుకు వర్తించదు?

ఈ అలసటను మన బలహీనత అనుకునేవాళ్ళకు సమాజశాస్త్రం చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. 'బర్నవుట్' అన్న మాటను ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త 1974లో వాడింది పెద్ద కంపెనీల మేనేజర్ల గురించి కాదు. న్యూయార్కులో ఒక ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా పనిచేస్తూ నీరసించిపోయిన మనలాంటి వాళ్ళ గురించే. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రజ్ఞురాలు, విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను పరిశీలించి, తమ భావాలను అదుపులో పెట్టుకుని ఎదుటివాళ్ళను ఊరడించడం కూడా ఒక శ్రమేనని చూపించింది. మనం రోజూ చేసేది ఆ శ్రమే. ఏడుపు వస్తున్నా ఏడవకుండా వినడం, కోపం వస్తున్నా ఎస్.ఐ.తో మర్యాదగా మాట్లాడడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నవుట్‌ను జబ్బుల్లో కాక, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. అంటే ఇది పని జరిగే తీరులోంచి పుట్టేది. కాబట్టి మార్చాల్సింది ముందు ఆ తీరునే.

ఇక ఆశ సంగతి. మన ఆశను చంపుతున్నది ఓటములు మాత్రమే అనుకోను. మనం రాసే లెక్కలు కూడా చంపుతున్నాయి. ఈ మూడు నెలల్లో ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అని రిపోర్టులో రెండు గళ్ళు ఉంటాయి. మన పనిలో చాలా భాగం ఆ రెండు గళ్ళలోనూ పట్టదు.

మథుర కేసు గుర్తు చేసుకోండి. 1972లో మహారాష్ట్రలో ఒక పోలీస్ స్టేషన్‌లో ఆదివాసీ అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసు అది. హైకోర్టు శిక్ష వేసిన ఇద్దరు పోలీసులను 1978లో సుప్రీంకోర్టు వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును ప్రశ్నిస్తూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో లైంగిక సంపర్కం జరిగిందని రుజువైతే, తను ఒప్పుకోలేదని ఆమె చెప్పిన మాటను కోర్టు నమ్మి తీరాలని, కాదంటే నిందితుడే రుజువు చేసుకోవాలని వచ్చింది. మథురకు మాత్రం న్యాయం జరగలేదు. ఈ చేదు నిజాన్ని దాచిపెట్టి మీకు ఆశ గురించి చెప్పలేను. కానీ ఆ ఊరేగింపుల్లో నడిచిన ఏ కార్యకర్తయినా ఆ సంవత్సరం రిపోర్టు రాసి ఉంటే 'పరిష్కారమైనవి: సున్నా' అనే రాసి ఉండేది.

మన దూబగుంటను చూడండి. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊరూరా పాకింది. వేలంపాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. మద్యం మళ్ళీ వీధిలోకొచ్చింది. అయితే అంతా వృథా అయినట్టేనా? ఇంట్లో దెబ్బలు తినడం ఇంటి గొడవ కాదని, సర్కారు ఆదాయానికీ దానికీ లంకె ఉందని ఊరి ఆడవాళ్ళు బజార్లో నిలబడి చెప్పారు. ఒకసారి చెప్పిన ఆ మాటను ఏ జీవో రద్దు చెయ్యలేదు.

ఆశ అంటే రేపు అంతా బాగుంటుందన్న నమ్మకం అని నేననుకోను. ఆ నమ్మకం ఒక్కో ఉదయం ఉంటుంది, ఒక్కో ఉదయం ఉండదు. మన పని ఫలితం ఎవరికి, ఎప్పుడు అందుతుందో మనకు తెలియదన్న ఎరుక ఉంటే చాలు, నమ్మకం లేని రోజున కూడా పనిలోకి రాగలం. అంత పొడుగు దారి నడవాలంటే ఒళ్ళు నిలబడాలి. మన మీద మనకు దయ ఉండాలనేది ఇందుకే.

ఆ దయను ఎవరికి వాళ్ళు ఇంటికెళ్ళి చేసుకోమంటే సాగదు. చాలామందికి ఇంటికెళ్తే రెండో డ్యూటీ మొదలవుతుంది. కాబట్టి సంస్థలోనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. తీవ్రమైన కేసును ఏ ఒక్కరి నెత్తినా వెయ్యకుండా ఇద్దరు చూడాలి. రాత్రి ఫోన్లు వంతులవారీగా తీసుకోవాలి. వారానికి ఒక గంట, రిపోర్టు కోసం కాకుండా, ఎవరికి ఏది బరువుగా ఉందో చెప్పుకోవడానికి కూర్చోవాలి. మనం చూస్తున్న స్త్రీ చనిపోతే ఆ కార్యకర్తకు, ఆమె అడగక ముందే, జీతంతో సెలవివ్వాలి. "ఈ కేసు నేను చూడలేను" అన్న మాటను నేరంగా చూడకూడదు.

ఇక్కడొక హెచ్చరిక. చాలీచాలని జీతమిచ్చి, ఏడాదికోసారి యోగా క్లాసు పెట్టి, ఇదే మీ సంక్షేమం అనే సంస్థలూ ఉన్నాయి. 2020లో విదేశీ విరాళాల చట్టానికి సవరణలొచ్చి, పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థకొచ్చిన విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడం కుదరకుండా పోయింది. ఆ దెబ్బ ముందుగా తగిలింది చిన్న సంఘాలకూ, క్షేత్ర స్థాయి కార్యకర్తలకూ. అందులోనూ దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీలకు ఇంకో ఆధారం ఉండదు. వాళ్ళకు అలసిపోయే వీలు కూడా లేదు. జీతం, సెలవు, పనిగంటలు అడగకుండా దయ గురించి మాట్లాడితే అది ఉన్నవాళ్ళ ముచ్చటే అవుతుంది.

సెలవు అడగడానికి సిగ్గుపడిన ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు ఇది. నీదీ బాధే. ఆసుపత్రిలో ఉన్నామె బాధతో పోల్చి తూచాల్సిన పని లేదు. నువ్వు నాలుగు రోజులు పడుకుంటే ఆమె దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. సంఘం అంటూ పెట్టుకున్నది అందుకే కదా.

మీరు ఇక్కడి నుంచి వెళ్ళాక మీ సంస్థలో మొదటి మీటింగు అజెండాలో ఒక అంశం చేర్చండి: ఎవరికి ఎన్నాళ్ళుగా సెలవు లేదు? ఆ జాబితాలో మీ పేరుంటే, దాన్ని కూడా రాయండి.