తరిమెనయు తిరుగుడు ఉలియు



మారన తెనుగు చేసిన మార్కండేయ పురాణమును ఎఱిగినవారికి సంజ్ఞాదేవి కథ క్రొత్త కాదు. సూర్యుని తేజము ఆమెకు దుస్సహము కాగా, తండ్రియగు విశ్వకర్మ అల్లుని చక్రయంత్రముపై నెక్కించి, త్రిప్పి, ఆ తేజమును చెక్కి తగ్గించెను. చెక్కగా రాలిన తునుకలతోనే విష్ణువునకు చక్రము సిద్ధమయ్యెనని పురాణములు చెప్పును. ఇందు వడ్రంగికి పనికివచ్చు మర్మములు రెండున్నవి. సూర్యుడు తిరుగుచుండ ఉలి నిలిచియున్నది. ఇది తరిమెన పద్ధతి. విష్ణుచక్రమో, తానే తిరుగుచు ఎదుటి వస్తువును ఖండించును. దీనినే నేడు మిల్లింగు అనుచున్నారు. మొదటి యంత్రముతో రెండవ పనిని సాధించుట ఎట్లన్నదే నేటి విషయము.

మన యిండ్లలోని మంచపు కోళ్లు, ఉయ్యాల కమ్ములు, అప్పడాల కఱ్ఱలు తరిమెన పట్టినవే. కాని తరిమెన గుండ్రదనమునే యిచ్చును. సమతలమును, తిన్నని గాడిని ఈయజాలదు. అందులకు ఉలియు చిత్రికయు శరణ్యము. కర్మాగారములలో మిల్లింగు యంత్రమున్నది గాని, దాని వెల పల్లెటూరి వడ్రంగి పాకకు అందునది కాదు.

అయినను ఉన్న తరిమెననే మార్చుకొనవచ్చును. తిరుగు ఇరుసునకు కొయ్యకు బదులు కట్టరును బిగింపవలెను. చేతి ఉలిని ఆనించు దిమ్మెను తొలగించి, ఆ చోట దళసరి టేకు పలకను బోల్టులతో కదలకుండ కట్టవలెను. దానిపై రెండవ పలక ఇనుప పట్టెల నడుమ అడ్డముగా జరుగవలెను. దీనికి మరచుట్ల కడ్డీయు, చేతిపిడియు అమర్చవలెను. ఆపైన మూడవ పలక కట్టరు వైపునకు ముందు వెనుకలుగా జరిగినచో కోత లోతు కుదురును. ఈ మూడవ పలకపై లంబముగా నొక దిమ్మెను నిలిపి, చెక్కవలసిన కొయ్యను దానికి బిగించి, పిడి త్రిప్పుచు కట్టరు ముందు నుండి మెల్లగా నడుపవలెను.

కొలతయు ఇందే యున్నది. 16 మిల్లీమీటర్ల కడ్డీకి సాధారణపు మర యైనచో, ఒక చుట్టు త్రిప్పినంత పలక 2 మిల్లీమీటర్లు జరుగును. పిడి వెంట తిరుగు బిళ్లను 20 భాగములుగా గీసినచో ఒక్కొక్క గీత మిల్లీమీటరులో పదవ వంతు. కాని నట్టులో ఎంతో కొంత వదులుండక మానదు. వెనుకకు త్రిప్పినపుడు పిడి కొంత తిరిగినను పలక కదలదు. కావున ఎల్లప్పుడు ఒకే దిక్కు నుండి వచ్చి గీతను కలుపుకొనవలెను. జమ ఒక కుంచముతోను, ఖర్చు మఱియొక కుంచముతోను కొలిచినవాని లెక్క ఎన్నటికిని తేలదు గదా!

ఇక అపాయము మాట. బరమ పుల్లను పట్టు చక్కు, సూటిగా మీద పడు ఒత్తిడికే గాని ప్రక్క ఒత్తిడికి ఏర్పడినది కాదు. దానికి కట్టరు బిగించి గాడి తీసినచో, చక్కు ఇరుసు నుండి ఊడి తిరుగుచునే మీదికి రావచ్చును. కాబట్టి కట్టరును కాలెట్టులో పట్టించి, బోలు ఇరుసు గుండ వెనుక నుండి పొడుగు బోల్టుతో లాగి బిగింపవలెను. ఇరుసు బోలుది కానిచో ఈ పని మానుటయే మేలు. కొయ్యను కట్టరు తిరుగు దిక్కునకు ఎదురుగా పంపవలెను. దానితో పాటే పంపినచో అది కొయ్యను గుంజుకొనును, వ్రేళ్లును దానితోనే పోవును. ఉత్తరీయము, వదులు చొక్కా, చేతితొడుగులు పనికిరావు. కంటికి అద్దములు తప్పవు. కోత పలుచనగా పలుమార్లు సాగవలెను. కొయ్య పలకలు ఒత్తిడికి వంగును గనుక ఇనుము జోలికి పోరాదు.

ఈ యేర్పాటు దేనికన్న, పెడన అద్దకపు అచ్చులను చూడుడు. టేకుపై చెక్కిన ఆ అచ్చు ముఖము సమముగా లేనిచో బట్టపై రంగు ఒకచోట అంటి, ఒకచోట అంటదు. ముఖమును చదును చేయుటకును, పువ్వుల నడుమ విశాలముగా నున్న ఖాళీలను లోతు తీయుటకును తిరుగుడు కట్టరు తోడ్పడగలదు. సన్నని గీత మాత్రము నిపుణుని ఉలికే విడువవలెను. యంత్రము బరువు పనిని మోయును. చేయి మిగిలిన ఓపికను పూరేకుపై పెట్టును.

పాశ్చాత్యులును అవసరము నుండియే నేర్చిరి. మెలిక బరమ పుల్లల గాళ్లను ఆకురాయితో రాచుట కష్టమై, 1862లో అమెరికాలో జోసెఫ్ బ్రౌను అనునతడు సార్వత్రిక మిల్లింగు యంత్రమును నిర్మించెను. మన బందరున 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు నెలకొల్పిన జాతీయ కళాశాల, అక్షరముతో పాటు చేతిపనిని నేర్పెను. చదివినవాడు ఉలి పట్టుట, ఉలి పట్టినవాడు చదువుట అవమానము కాదని ఆ పెద్దల మతము.

గుడివాడ, దివిసీమ వైపుల నుండి విచ్చేసిన వడ్రంగి సోదరులకు ఒక మనవి. ఇట్టి దానిని నిర్మించినవారు కొలతలతో పటము గీసి, ఏది కుదిరినదో, ఏది విఱిగినదో వ్రాసి ఈ గ్రంథాలయమున ఉంచుడు. పురాణ గ్రంథముల ప్రక్కనే ఆ కాగితమునకు చోటుండవలెను. దానిని చదివిన తరువాతివాడు తన వ్రేళ్లను పందెము పెట్టి నేర్చుకొన నక్కఱలేదు.