షడ్రుచులూ, పిల్లల నాలుకా
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



నేను వైద్యుడను కాను. మెట్రిక్ చదివి ఈ ఖుర్దా రోడ్డులో రైల్వే గుమాస్తాగా పని చేసుకుంటున్నవాడిని. లెక్కలు చూడటం నా వృత్తి గనుక, పిల్లల తిండిని గురించి కూడా లెక్కతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ ఉదయం అందరమూ ఉగాది పచ్చడి తిన్నాము. ఆరు రుచులలో తీపి మీది ఇష్టం పసిబిడ్డకు పుట్టుకతోనే వస్తుంది. చేదు, వగరు అలవాటు చేస్తేనే వస్తాయి. కొత్త కూరను బిడ్డ ఒకసారి ఉమ్మివేస్తే ‘వీడికి పడదు’ అని తీర్మానించేస్తాము. బలవంతపెట్టకుండా, కొద్దికొద్దిగా, ఎనిమిది పది సార్లు పెట్టి చూస్తే చాలామంది పిల్లలు అలవాటు పడతారని పరిశోధకులు తేల్చారు. ఈలోగా పొట్లాల తిండి చేతికి వస్తే, అందులో ఉండేవి ముఖ్యంగా తీపి, ఉప్పు, నూనె. వాటికి మరిగిన నాలుకకు కాకరకాయ మాట అటుంచి, పప్పన్నమే చప్పగా తోస్తుంది.

ఇక లెక్క చూడండి. పైనుంచి కలిపే చక్కెర ద్వారా వచ్చే శక్తి రోజు మొత్తంలో నూటికి 10 వంతులు మించరాదనీ, 5 వంతులలోపు ఉంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1,700 కేలరీలు కావలసిన ఎనిమిదేళ్ల పిల్లవాడికి 10 వంతులంటే 42 గ్రాములు. 5 వంతులంటే 21 గ్రాములు. మామూలు కూల్‌డ్రింకు 250 మిల్లీలీటర్లలో సుమారు 26 గ్రాములు, అంటే ఆరు చెంచాలకు పైగా చక్కెర ఉంటుంది. మూడో వంతు చక్కెర ఉన్న క్రీము బిస్కట్లు 40 గ్రాములు తింటే మరి 13. ఇంట్లో పాలలో వేసే చక్కెర ఇంకా లెక్కకు రాలేదు! బెల్లం మంచిదే కదా అంటారు. అదీ ఈ లెక్కలోనిదే.

నోటిలోని సూక్ష్మజీవులు ఈ చక్కెరను ఆమ్లంగా మార్చి పళ్లను తొలుస్తాయి. సాయంత్రం పొట్లంతో కడుపు నిండిన పిల్లవాడు రాత్రి అన్నం ముందు మొరాయిస్తాడు. పప్పు, ఆకుకూర లోపలికి పోవు. బరువు అతిగా పెరిగితే, పెద్దయ్యాక మధుమేహానికి దారి ఏర్పడుతుంది.

బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా ఇటువంటి తిండి అమ్మరాదని 2020లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన చేసింది. మంచిదే. కాని మన ఇంటి అలమరకు ఏ ఇన్‌స్పెక్టరు వస్తాడు?

తల్లులను నిందించడం నా ఉద్దేశం కాదు. మగవారిలో చాలామందిమి రాత్రి డ్యూటీ చేసి వస్తాము. పిల్లలతో గడపలేకపోయామన్న బాధతో దారిలో ఒక పొట్లం కొంటాము. మన ప్రేమకు పొట్లమే గుర్తు అయిపోయింది. మరో చిక్కు ఉంది. పరాయిచోట నలుగురు పిల్లల మధ్య డబ్బా విప్పి చోడిరొట్టె తినడానికి మన పిల్లలు సిగ్గుపడతారు. వారికి చెప్పవలసింది మనమే: మన చోళ్లే ఇక్కడి మాండియా, మన మరమరాలే ఇక్కడి ముఢి, మన చద్దన్నమే ఇక్కడి పఖాళ. ఇందులో సిగ్గుపడవలసిన తిండి ఏదీ లేదు. ఉడికించిన శనగలు, అరటిపండు, వేయించిన వేరుశనగలు పొట్లం కంటే ఖరీదు కావు. ఆదివారం ఒక గంట కూర్చుని వారానికి సరిపడా శనగలు వేయించి డబ్బాలో పోయడం మగవారికి కూడా చేతనవును.

నిషేధాలు పెట్టమనడం లేదు. పండుగనాడు బొబ్బట్టు తిననివ్వండి. రోజూ పండుగ చేయకండి, అంతే.

చివరగా మన సంఘంవారికి ఒక మనవి. ఆటల పోటీలలో గెలిచిన పిల్లలకు చాక్లెట్లు, ఓడినవారికి కూల్‌డ్రింకు ఇవ్వడం మనకు ఆచారమైంది. వచ్చే ఉగాదికి ఆ సొమ్ముతో తెలుగు బొమ్మల పుస్తకాలు, పళ్లు పంచుదామని ప్రతిపాదిస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే లేచి చెప్పవచ్చును.