దిండ్లు కుట్టే పని లేదన్న చోట



సోఫా అంటే మనకు పైన గుడ్డ, లోపల స్పాంజి, ఆ అడుగున ఎక్కడో కర్ర చట్రం. ఆ చట్రం పుచ్చిందో, విరిగిందో సోఫా కుంగేదాకా తెలియదు. ఈవేళ నేను చెప్పబోయేది దీనికి సరిగ్గా తలకిందులు. చట్రం పైకి కనపడుతుంది, దిండ్లు దాని లోపల ఇముడుతాయి.

లోకం దీన్ని లే కార్బూజియే సోఫా అంటుంది. అవును, మన చండీగఢ్ నగరానికి రూపం గీసిన ఆయనే. కానీ 1928లో దీన్ని రూపొందించినవాళ్ళు ముగ్గురు: ఆయన, ఆయనకు వరసకు సోదరుడైన పియేర్ జెనరే, షార్లొట్ పెరియాన్ అనే అమ్మాయి. 1927లో పారిస్‌లో తన బొమ్మలు పట్టుకుని పనికోసం వెళ్తే, ఇక్కడ దిండ్ల మీద కుట్లు వేసే పని లేదని ఆయన పంపించేశాడట. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు. తర్వాత ఒక ప్రదర్శనలో ఆమె లోహంతో, గాజుతో అమర్చిన గది చూసి, మళ్ళీ ఆయనే పనిలోకి తీసుకున్నాడు. 1937 దాకా, పదేళ్ళు అక్కడే పని చేసింది. చిత్రమేమిటంటే, ఆ దిండ్లే చివరికి ఈ సోఫాకు ప్రాణమయ్యాయి!

కార్బూజియే కట్టిన ఇళ్ళల్లో బరువంతా సన్నటి స్తంభాలు మోస్తాయి. గోడలకు మోత లేదు కనుక వాటిని ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కిటికీలు ఈ చివరినుంచి ఆ చివరికి సాగవచ్చు. సోఫాలోనూ అదే కిటుకు. వంచిన ఉక్కు గొట్టాలు స్తంభాల్లా బరువు మోస్తాయి. దిండ్లు ఊరికే పేర్చినవి, మేకులు కొట్టినవి కావు. తీసి దులుపుకోవచ్చు, చిరిగినదాన్నే మార్చుకోవచ్చు. ఇల్లు ఊడ్చే మనకు ఈ సుఖం వేరే చెప్పాలా?

1929లో పారిస్‌లో ప్రదర్శనకు పెట్టారు. 1965 నుంచి ఇటలీలో కసీనా సంస్థ చేయడం మొదలుపెట్టింది. పేరు మాత్రం చాలా ఏళ్ళు ఎల్.సి. 2, అంటే ఆయన పేరులోని అక్షరాలే. ముగ్గురు కష్టపడితే పొడి అక్షరాలు ఒక్కరివే! నాకైతే అది మనసుకు ఎక్కలేదు.

మా వదినగారు విశాఖలో దీని నకలు ఒకటి చేయించారు. ఉప్పుగాలికి గొట్టాల మీది పూత పొరలు పొరలుగా లేచింది. ఎండాకాలం తోలు ఒంటికి అంటుకుంటోందని నేతగుడ్డ తొడుగులు వేశారు, అవి బాగున్నాయి. సీటు మాత్రం పల్లం. కూర్చుంటే మోకాళ్ళు పైకొస్తాయి. మా అత్తగారు ఒకసారి కూర్చుని, లేవడానికి ఇద్దరి చేతులు పట్టుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ఆవిడకు పక్కనే పేము కుర్చీ.