కుళాయి గార



కోలారు సీమలో గొట్టపుబావుల నీరు వాడెడి మన యిండ్లలో కుళాయిమూతికి తెల్లని గార పట్టుట యెల్లరు నెరిగినదే. నీటిలో కరగియున్న సున్నము, నీరారిన పిదప కాల్షియం కార్బనేటై గట్టిపడి ధారను సన్నగిల్లజేయును. మేము తొలుత దానిని కత్తితో గీకితిమి. గార పోలేదు, క్రోమియపు పూత పోయినది! క్రొత్త కుళాయి వెల దండుగ.

తదుపరి నిమ్మరసమున గుడ్డ తడిపి మూతికి చుట్టి అరగంట యుంచితిమి. నిమ్మపులుపు సున్నమును తినివేయగా బుడగలు లేచును. అది బొగ్గుపులుసు వాయువు. పిమ్మట పాత పళ్ళబ్రష్షుతో రుద్ది నీళ్ళతో కడిగితిమి. మొండిగారకు మరల చుట్టవలెను గాని, రాత్రియెల్ల నుంచరాదు, పూత మాసిపోవును. ఇత్తడి కుళాయికి మాత్రము మన అవ్వలు బిందెలు తోమిన చింతపండే వాడుడు, మెరుగును వచ్చును.