స్వభాషయే ప్రజాస్వామ్యమునకు పునాది



అర్థముకాని భాషలో వ్రాసిన పట్టా రైతునకు రక్షణ కాదు; అట్టి శాసనము పౌరునకును రక్షణ కాదు. ఐరోపాఖండమందలి బెలారస్ దేశచరిత్రము ఇందుకు నిదర్శనము.

1517లో పొలొత్స్క్ పురవాసి ఫ్రాన్సిస్క్ స్కరీనా ప్రాగ్ నగరమున దావీదు కీర్తనలను అచ్చొత్తించి, కఠినపదములకు ప్రజల పలుకులో అర్థములను పుటల అంచులయందు కూర్చెను. 1588 నాటి లిథువేనియా ధర్మశాసనము ఆ ప్రజల ప్రాచీనభాషలోనే వెలువడెను. 1696లో ఆ భాష కచేరీలనుండి తొలగింపబడెను. స్టాలిన్ పాలనలో, 1937 అక్టోబరు 29 రాత్రి, మిన్‌స్క్ నగరమున రచయితలు, విద్వాంసులు మున్నగు నూరుగురికి పైగా కాల్చి చంపబడిరి. 1990లో రాజభాషయై తలయెత్తినను, 1995లో రష్యన్ భాషకు సమానస్థాన మొసగిన పిమ్మట బడులలో అది మరల క్షీణించెను. 2021లో రచయితల సంఘమే న్యాయస్థానముచే రద్దు చేయబడెను.

స్వభాషలో నోరు విప్పుటకు జంకువాడు పాలకుని ప్రశ్నింపజాలడు. ప్రశ్న లేనిచోట ప్రజాస్వామ్యము నామమాత్రము. కావున భాషను, గ్రంథములను కాపాడుకొనుట పౌరధర్మము.