మతం మాట్లాడుకునేటప్పుడు



పోయిన సమ్మేళనంలో భోజనాల దగ్గర దేవుడి మీద వాదన వచ్చింది. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న ఇద్దరు విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. వాళ్లలో ఒకరు ఈ రోజు రాలేదు. పేర్లు చెప్పను, మీకు తెలుసు. స్వర్ణోత్సవంలో ఇదేం విషయమని అనుకోకండి, అందుకే ఎంచుకున్నాను.

మాటవరసకు 'వితండవాదం' అంటుంటాం. న్యాయశాస్త్రంలో దానికి కచ్చితమైన అర్థం ఉంది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. ఆ రోజు జరిగింది మూడోదే. ఆస్తికుడు తన భక్తి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాస్తికుడూ తను దేన్ని నమ్ముకుని బతుకుతున్నాడో చెప్పలేదు.

మన తెలుగువారు గోరాగారు, అంటే గోపరాజు రామచంద్రరావుగారు, ఇలా వాదించలేదు. ఆయన వృక్షశాస్త్రం అధ్యాపకులు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీగారిని కలిశారు. నాస్తికత్వం ఎందుకన్న మాట వచ్చినప్పుడు తర్కంతో సరిపెట్టలేదు. కరువు రోజుల్లో కలకత్తాలో కళ్లారా చూసింది చెప్పారు. మిఠాయి, పళ్ల దుకాణాల పక్కనే జనం ఆకలితో రాలిపోయారట. అంతా దైవాధీనమనుకోబట్టే ఉన్నవాడు పెట్టలేదు, లేనివాడు అడిగి తీసుకోలేదని ఆయన బాధ. గాంధీగారు విన్నారు. నా ఆస్తికత్వం ఒప్పనీ, మీ నాస్తికత్వం తప్పనీ అనలేను, ఇద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లమే అనే అర్థంలో జవాబిచ్చారు. గోరాగారు ఆ సంభాషణలను తర్వాత పుస్తకంగా రాశారు.

ఎవరూ ఎవరి పక్షానికీ మారలేదు. కానీ గోరాగారి పెద్దమ్మాయికి దళిత యువకుడితో సేవాగ్రాంలో పెళ్లి జరిపించడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. ప్రమాణంలో 'దేవుడి పేర' అన్నచోట 'సత్యం పేర' అని మార్చడానికీ ఒప్పుకున్నారు. 1948లో ఆ పెళ్లి జరిగేనాటికి ఆయన లేరు.

అంత దూరం ఎందుకు, మన సైన్సు మాస్టారూ తెలుగు మాస్టారూ స్టాఫ్ రూంలో గంట కొట్టేదాకా దేవుడి మీద వాదించుకునేవారు. తెలుగు మాస్టారు ముందు "మీరనేది ఇదే కదా మాస్టారూ?" అని అవతలి వాదనంతా తన నోటితో అప్పజెప్పేవారు. సైన్సు మాస్టారు తలూపితేనే జవాబు మొదలయ్యేది. ఒక్కోసారి "అది కాదండీ" అంటే మళ్లీ మొదటికే! కిటికీ దగ్గర నిలబడి విన్న మాకు ఎవరు నెగ్గారో ఎప్పుడూ తెలిసేది కాదు. సాయంత్రం ఇద్దరూ ఒకే రిక్షాలో ఇంటికెళ్లేవారు.

వాదనే వద్దనను. అయితే కొన్నిచోట్ల నోరెత్తకూడదు. చావు జరిగిన ఇంట్లో కర్మకాండ దండగని చెప్పకూడదు. తల్లిదండ్రుల నమ్మకాన్ని పిల్లల ముందు వెక్కిరించకూడదు. మన దగ్గర జీతం తీసుకునే మనిషితో దేవుడి గురించి అసలు పందెం వేయకూడదు. పాపం, అతను ప్రతిదానికీ "అవును సార్" అనే అంటాడు.